తర్వాతి స్పోర్ట్స్ బైక్ ఏది తీసుకోవాలి? ఇన్సూరెన్స్ లెక్క చూస్తే 350 సీసీ దాటాలా, వద్దా?

#1 తార్నాక_155

2020 నవంబరులో కొన్న యమహా ఆర్15 బండినే ఇప్పటికీ నడుపుతున్నాను. తార్నాక నుంచి మాదాపూర్ ఆఫీసుకు వారంలో నాలుగు రోజులు వెళ్తాను, ఆదివారం తెల్లవారుజామున అనంతగిరి వైపో నర్సాపూర్ అడవి వైపో ఒక చుట్టు తిరిగి వస్తాను. ఇన్నేళ్లలో ఒక్క క్లెయిమ్ కూడా పెట్టలేదు. ఇప్పుడు కొంచెం పెద్ద స్పోర్ట్స్ బైక్‌కు మారాలని అపాచీ ఆర్ఆర్ 310, నింజా 300, ఆర్‌సీ 390, ఏప్రిలియా ఆర్ఎస్ 457 అనే నాలుగు బండ్లను దృష్టిలో పెట్టుకున్నాను. షోరూముల్లో ఇచ్చిన ఆన్‌రోడ్ కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదానిలోని ఇన్సూరెన్స్ మొత్తం మరొకదానికి దాదాపు రెట్టింపు ఉంది. స్పోర్ట్స్ బైక్ అన్న కారణంతో ఎక్కువ వసూలు చేస్తారా? మొదటి ఏడాది తర్వాత ఏటా ఎంత భారం పడుతుంది? లోన్ మీద తీసుకుంటున్నాను కాబట్టి ఈ లెక్క తేలకుండా బుకింగ్ డబ్బు కట్టదలచుకోలేదు.

#2 పక్కా_లెక్క

పన్నెండేళ్లుగా బీమా రంగంలోనే పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. మన దేశంలో స్పోర్ట్స్ బైక్ అనే పేరు మీద ప్రత్యేకమైన ప్రీమియం లేదు. మీరు కట్టే మొత్తంలో థర్డ్ పార్టీ (మీ బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికి), ఓన్ డ్యామేజ్ (మీ బండికే కలిగే నష్టానికి) అని రెండు ప్రధాన భాగాలు ఉంటాయి. థర్డ్ పార్టీ ధరను ప్రభుత్వం నిర్ణయిస్తుంది, అది ఇంజన్ సీసీని బట్టి మాత్రమే మారుతుంది. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం 75 నుంచి 150 సీసీ వరకు ఏడాదికి 714 రూపాయలు, 150 నుంచి 350 సీసీ వరకు 1,366 రూపాయలు, 350 దాటితే 2,804 రూపాయలు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీని ఒకేసారి కట్టడం తప్పనిసరి అయింది. ఆ ఐదేళ్ల మొత్తం 350 లోపు బండికి 7,365 రూపాయలు, 350 దాటిన బండికి 15,117 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే ఇవి 8,691, 17,838 అవుతాయి. మీ కాగితాల్లో కనిపించిన రెట్టింపుకు అసలు కారణం ఇదే. ఆర్ఆర్ 310 ఇంజన్ 312 సీసీ, నింజా 300 ఇంజన్ 296 సీసీ కాబట్టి అవి 350 గీతకు ఇవతల ఉన్నాయి. ఆర్‌సీ 390 ఇంజన్ 373 సీసీ, ఆర్ఎస్ 457 పేరులోనే దాని సీసీ ఉంది, కాబట్టి అవి అవతల ఉన్నాయి.

ఓన్ డ్యామేజ్ భాగం ఐడీవీ మీద, అంటే బండికి ఆ సంవత్సరం కట్టిన విలువ మీద ఆధారపడుతుంది. పాత టారిఫ్‌లో హైదరాబాద్ ఏ జోన్‌లో ఉండేది. ఐదేళ్లు దాటని బండికి 150 నుంచి 350 సీసీ వరకు 1.793 శాతం, 350 దాటితే 1.879 శాతం అని రాసి ఉండేది. ఇప్పుడు కంపెనీలు తమ ధరలను తామే నిర్ణయించుకుంటున్నాయి, డిస్కౌంట్లు కూడా ఇస్తున్నాయి, అయినా అంచనాకు ఆ శాతం పనికొస్తుంది. 2,60,000 ఐడీవీ ఉన్న బండికి ఆ లెక్కన 4,662 రూపాయలు, 4,00,000 ఐడీవీ ఉన్న బండికి 7,516 రూపాయలు వస్తాయి.

#3 ఉప్పల్_రింగు

అంటే 155 సీసీ ఆర్15 నడిపే మేమూ, 312 సీసీ బండి నడిపేవారూ ఒకే థర్డ్ పార్టీ కడుతున్నామా? ఇంతకాలం ఈ సంగతి గమనించలేదు.

#4 పక్కా_లెక్క

అవును. 150 దాటిన 5 సీసీ వల్ల మీ బండి పై శ్లాబులోకి వెళ్లింది. అందువల్ల #1లో అడిగినవారు ఆర్15 నుంచి ఆర్ఆర్ 310కో నింజా 300కో మారితే థర్డ్ పార్టీ ధరలో ఒక్క రూపాయి కూడా తేడా రాదు.

#5 సైనిక్‌పురి_సవారి

లెక్క సరిగ్గానే ఉంది కాని, దానితో బండిని ఎంచుకోవడం నాకు సబబుగా తోచడం లేదు. ఐదేళ్లకు కలిపి తొమ్మిది వేల తేడా అంటే నెలకు నూట యాభై రూపాయలు. అంతకంటే ఎక్కువ మనం టోల్‌కూ టీకీ ఖర్చు పెడతాం. రెండు సిలిండర్ల ఇంజన్ ఎనిమిది వేల ఆర్పీఎం దాటాక ఇచ్చే అనుభూతిని ఈ నూట యాభైతో తూచడం న్యాయం కాదు. నేను ఆర్ఎస్ 457 తీసుకుని ఏడాది దాటింది, తీసుకున్నందుకు ఏనాడూ బాధపడలేదు.

#6 తార్నాక_155

#5 గారూ, మీ మాటలో నిజముంది. కాని నాకు భారం ఒక్క థర్డ్ పార్టీతో ఆగడం లేదు. ఐడీవీ పెరిగితే ఓన్ డ్యామేజ్ పెరుగుతుంది, దాని మీద జీరో డెప్ (క్లెయిమ్‌లో భాగాల తరుగు కోయకుండా ఇచ్చే యాడ్ఆన్) పెరుగుతుంది, లైఫ్ ట్యాక్స్ కూడా బండి ధర మీద శాతంగానే పడుతుంది. ఇవన్నీ ఈఎంఐ మీదకే వస్తాయి. ఇంట్లో ఈ మధ్యే పాప పుట్టింది, నెలనెలా మిగిలేది లెక్కపెట్టుకునే పరిస్థితిలో ఉన్నాను.

#7 పక్కా_లెక్క

#6లో చెప్పినదానికి జీఎస్టీ కూడా చేర్చుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 350 దాటినవాటికి 40 శాతం అయింది. మోటారు బీమా ప్రీమియం మీద మాత్రం 18 శాతం అలాగే ఉంది. 350 అనే అంకె ఇప్పుడు బండి ధరలోనూ బీమాలోనూ రెండుచోట్లా గీత గీస్తోంది.

#8 నానక్‌రామ్‌గూడ_మలుపు

ప్రీమియం గురించి ఇంత చర్చ జరిగింది కాని, స్పోర్ట్స్ బైక్ ఉన్నవాడి జేబుకు అసలు చిల్లు పడేది క్లెయిమ్ రోజున. నాకు జరిగింది చెబుతాను. రెండేళ్లు నిండిన నా బండి, నానక్‌రామ్‌గూడ దగ్గర సగం వేసి వదిలేసిన రోడ్డు మలుపులో కంకర మీద జారింది. వేగం ముప్పై కూడా లేదు. జాకెట్, గ్లోవ్స్ ఉండబట్టి నాకు మోచేయి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. బండికి కుడివైపు ఫెయిరింగ్ (బండిని కప్పే పై తొడుగు) రెండు ముక్కలూ, ముందు కౌల్, మిర్రర్, ఇండికేటర్, బ్రేక్ లీవర్, ఫుట్‌పెగ్ పోయాయి. బిల్లు 38,000 అయింది. అందులో ప్లాస్టిక్ భాగాలు 26,000, లోహ భాగాలు 7,000, కూలి 5,000.

నాకు జీరో డెప్ లేదు. ప్లాస్టిక్ మీద 50 శాతం తరుగు, అంటే 13,000. రెండు నుంచి మూడేళ్ల మధ్య వయసు బండికి లోహం మీద 15 శాతం, అంటే 1,050. తప్పనిసరి మినహాయింపు 100. మొత్తం 14,150 నేను కట్టాను. దాని మీద, మరుసటి ఏడాది 35 శాతం కావలసిన నా ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, సున్నా అయింది. ఇదే పతనం మా తమ్ముడి మామూలు కమ్యూటర్ బండికి జరిగి ఉంటే లీవరూ ఇండికేటరూ మార్చుకుని అదే రోజు ఇంటికి వచ్చేవాడు.

#9 రాణిగంజ్_పానా

ఇరవై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాను. #8 చెప్పినది ప్రతి వర్షాకాలంలోనూ నా షెడ్డులో చూస్తాను. ఇందులో చాలామందికి తెలియని ఒక విషయం ఉంది. మేమందరం ఫెయిరింగ్‌ను ఫైబర్ అని పిలుస్తాం. పాలసీలో ఫైబర్ గ్లాస్ భాగాలకు తరుగు 30 శాతమే ఉంటుంది. అది చదివి, నా బండి ఫైబరే కదా, 30 శాతమే పోతుందని అనుకుని వచ్చే పిల్లలు చాలామంది ఉన్నారు. ఇప్పటి స్పోర్ట్స్ బండ్ల ఫెయిరింగ్ చాలావరకు ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్. బీమా కంపెనీ సర్వేయర్ దాన్ని ప్లాస్టిక్ కిందే, అంటే 50 శాతం కిందే రాస్తాడు. మేము పిలిచే పేరును నమ్మి లెక్క వేసుకోకండి.

బుకింగ్‌కు ముందు షోరూములో సేల్స్ వారితో మాట్లాడటం ముగించి, పక్కనే ఉన్న స్పేర్స్ కౌంటర్ దగ్గరకు వెళ్లండి. ఎడమ ఫెయిరింగ్, కుడి ఫెయిరింగ్, హెడ్‌ల్యాంప్, క్లిప్‌ఆన్ హ్యాండిల్, రేడియేటర్ ధరలు రాయించుకోండి. స్టాకులో ఉన్నాయా, తెప్పించాలా అని కూడా అడగండి. నాలుగు బండ్లకూ ఆ చీటీలు పక్కపక్కన పెడితే ఇన్సూరెన్స్ కాగితాల కంటే ఎక్కువ సంగతి తెలుస్తుంది.

#10 ఉప్పల్_రింగు

#9 గారి సలహా మీద ఈ రోజే మా దగ్గరి కౌంటర్‌లో నా ఆర్15కు ధరలు అడిగాను. కొన్ననాడే అడిగి ఉండవలసింది.

#11 మణికొండ_మార్నింగ్

ఈ తలనొప్పి అంతా ఫెయిరింగ్ వల్లే అయితే, అదే కంపెనీ తయారుచేసే నేకెడ్ బండి, అంటే ఫెయిరింగ్ లేనిది, తీసుకోవచ్చు కదా? ఆర్ఆర్ 310కు బదులు ఆర్‌టీఆర్ 310, ఆర్‌సీ 390కి బదులు డ్యూక్ ఉన్నాయి. పడినా పగలడానికి తక్కువ ఉంటుంది. బయోడైవర్సిటీ జంక్షన్‌లో సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు మణికట్ల మీద బరువు కూడా పడదు.

#12 సైనిక్‌పురి_సవారి

#11, అడిగినవారు స్పోర్ట్స్ బైక్ కావాలని మొదటి వాక్యంలోనే చెప్పారు. గంటకు వంద దాటాక గాలి ఛాతీకి కొట్టకుండా ఫెయిరింగ్ ఏం చేస్తుందో శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు వరకు వెళ్లినవారికి తెలుసు. పగులుతుందని ఫెయిరింగ్‌నే వదులుకోవడం కంటే జీరో డెప్ తీసుకోవడం మంచిది.

#13 నానక్‌రామ్‌గూడ_మలుపు

జీరో డెప్ తీసుకోవాలని ఇప్పుడు నేనూ అందరికీ చెబుతున్నాను. ఆ యాడ్ఆన్‌కు నేను ఏటా మిగుల్చుకున్నది వెయ్యి, పన్నెండు వందలు. పోగొట్టుకున్నది పద్నాలుగు వేలు.

#14 పక్కా_లెక్క

తీసుకోండి, కాని నియమాలు చదివి తీసుకోండి. చాలా కంపెనీలు జీరో డెప్ కింద ఏడాదికి ఎన్ని క్లెయిములు అనుమతిస్తాయో పరిమితి పెడతాయి. బండి వయసు మీద కూడా పరిమితి ఉంటుంది, ఎక్కువగా ఐదేళ్లు. టైర్లు, బ్యాటరీ వంటివాటికి ఒక్కో కంపెనీ ఒక్కో విధంగా రాస్తుంది. ఇంకొక మాట, ప్రీమియం తక్కువగా చూపించడానికి ఐడీవీని కిందికి దించే పద్ధతి ఒకటి ఉంది. ఆరు నెలలు దాటని బండికి పట్టిక ప్రకారం తరుగు 5 శాతమే. బండి దొంగతనానికి గురైతే మీకు వచ్చేది ఐడీవీయే. బాగుచేసే ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటినప్పుడు కూడా పూర్తి నష్టంగా తీసుకుని అదే లెక్కన ఇస్తారు. ఐదు వందల కోసం ఐడీవీని ముప్పై వేలు తగ్గించుకున్నవారిని నేను చూశాను.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న #1 గారికి. మీ పాలసీలో ఎన్‌సీబీ ఎంత ఉంది? పాత బండిని ఏం చేస్తున్నారు?

#15 తార్నాక_155

గత రెన్యువల్ పాలసీలో ఎన్‌సీబీ 50 శాతం అని ఉంది. పాత బండిని షోరూములోనే ఎక్స్‌చేంజ్‌కు ఇస్తున్నాను. ఆర్‌సీ, పాలసీ అన్నీ వారికే ఇచ్చేయమన్నారు, కొత్త బండి పాలసీ కూడా వారే చేస్తామన్నారు. శనివారం ఇస్తానని చెప్పాను.

#16 పక్కా_లెక్క

దయచేసి శనివారం లోపు ఈ పని చేయండి. ఎన్‌సీబీ బండికి చెందినది కాదు, మీకు చెందినది. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 20, 25, 35, 45 దాటి 50 శాతానికి చేరుతుంది, అంతకంటే పైకి పోదు. మీరు ఆ శిఖరం మీద ఉన్నారు. పాత బండి అమ్మినట్టు రుజువు చూపి మీ ప్రస్తుత బీమా కంపెనీ నుంచి ఎన్‌సీబీ రిజర్వింగ్ లెటర్ తీసుకుంటే, దాన్ని మూడేళ్లలోపు మరో ద్విచక్ర వాహనానికి వాడుకోవచ్చు. కొత్త బండి ఓన్ డ్యామేజ్ ప్రీమియం సగానికి తగ్గుతుంది. #2లో చెప్పిన 4,662 మీకు 2,331 అవుతుంది. ఈ లెటర్ లేకుండా కొత్త పాలసీ చేయిస్తే షోరూము వారు ఎన్‌సీబీ సున్నా అని వేస్తారు, ఐదేళ్లు జాగ్రత్తగా నడిపిన ఫలం అక్కడితో పోతుంది. థర్డ్ పార్టీ భాగం మీద మాత్రం ఈ తగ్గింపు వర్తించదు.

కొత్త పాలసీ షోరూములోనే చేయించాలన్న నిబంధన కూడా లేదు. మీకు నచ్చిన కంపెనీ నుంచి తెచ్చుకునే హక్కు మీకు ఉంది.

#17 ఖైరతాబాద్_క్యూ

#15 గారు గమనించవలసినది ఇంకొకటి ఉంది. నా పాత బండిని ఎక్స్‌చేంజ్‌కు ఇచ్చిన తర్వాత ఏడు నెలల వరకు ఆర్‌సీ నా పేరు మీదే ఉండిపోయింది. ఎవరో నడుపుతుండగా పడిన మూడు చలాన్లు నా ఫోనుకు వచ్చాయి. చలాన్లు కాబట్టి కట్టి ఊరుకున్నాను, అదే ప్రమాదం అయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఆర్‌సీలో పేరున్న వ్యక్తినే యజమానిగా చూడాలని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టేటప్పుడు తేదీ కూడా వేయండి, నకళ్లు ఉంచుకోండి, బండి అప్పగించిన తేదీ, సమయం రాసిన కాగితం తీసుకోండి. పేరు మారిందో లేదో నెలనెలా చూసుకోండి.

#18 మల్కాజిగిరి_మైలేజ్

నాలుగేళ్ల నింజా 300 సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాను. అమ్మేవారు పాలసీలో 45 శాతం ఎన్‌సీబీ ఉంది, మీకే లాభం అంటున్నారు. #16 చదివాక అనుమానం వచ్చింది.

#19 పక్కా_లెక్క

మీ అనుమానం నిజమే. ఆయన ఎన్‌సీబీ ఆయనతోనే పోతుంది. పాలసీని మీ పేరుకు మార్చేటప్పుడు మిగిలిన కాలానికి ఆ తగ్గింపును మీ దగ్గర వసూలు చేస్తారు. బేరంలో దానికి విలువ కట్టకండి. బండి మీ పేరు మీదకు వచ్చిన 14 రోజుల్లోపు పాలసీ మార్పిడికి దరఖాస్తు చేయండి. ఆ పని చేయని కొనుగోలుదారుకు ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ దగ్గర ఇబ్బంది వస్తుంది.

#20 టోలిచౌకి_వాన

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఈ నగరంలో ఎవరూ మరిచిపోలేదు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా బండి సీటు వరకు మునిగింది. నీళ్లు తీశాక ఆత్రంగా సెల్ఫ్ కొట్టాను. ఇంజన్‌లోకి చేరిన నీటి వల్ల కనెక్టింగ్ రాడ్ వంగింది. వరద నష్టం పాలసీలో ఉంది కాని, నీళ్లున్న ఇంజన్‌ను స్టార్ట్ చేయడం వల్ల కలిగిన నష్టం పర్యవసాన నష్టం అవుతుందని, ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్ఆన్ లేదు కాబట్టి ఆ భాగం ఇవ్వలేమని చెప్పారు. వైరింగూ సీటూ ఇచ్చారు, ఇంజన్ పని నేనే చేయించుకున్నాను. లిక్విడ్ కూల్డ్ ఇంజన్ తెరిపించడం ఎంత ఖర్చో ఆ నెలలో తెలిసింది. సెల్లార్‌లో బండి పెట్టేవారెవరైనా ఆ యాడ్ఆన్ తీసుకోండి. బండి మునిగితే తాళం తిప్పకుండా ట్రాలీ ఆటోలో ఎక్కించి సర్వీసుకు పంపండి.

#21 రాణిగంజ్_పానా

#20 చెప్పినది అక్షరాలా నిజం. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా తెస్తే ఆయిల్ మార్చి, ప్లగ్గు తీసి నీళ్లు వెళ్లగొట్టి, ఎయిర్ ఫిల్టర్ మార్చి, చాలాసార్లు రెండు రోజుల్లో తిరిగి ఇచ్చాను.

#22 మణికొండ_మార్నింగ్

ఆఫ్టర్‌మార్కెట్ సైలెన్సర్ వేయించుకుంటే ఇన్సూరెన్స్‌కు ఇబ్బంది ఉంటుందా? వచ్చే ఏడాది చెన్నై ట్రాక్‌లో ఒక శిక్షణ రోజుకు కూడా వెళ్లాలని ఉంది.

#23 పక్కా_లెక్క

కంపెనీకి తెలియజేయని మార్పు ఏదైనా క్లెయిమ్ రోజున వివాదం అవుతుంది. శబ్దం పెంచే సైలెన్సర్‌కు మన ట్రాఫిక్ పోలీసుల తనిఖీ కూడా ఉంది. ట్రాక్ విషయానికి వస్తే, రేసులు, వేగ పరీక్షలు వంటి వాడకం మామూలు పాలసీ పరిధిలో ఉండదు. అక్కడ పడితే ఖర్చు పూర్తిగా మీదే అనుకుని వెళ్లండి.

#24 ఖైరతాబాద్_క్యూ

#6లో పాప పుట్టిందని రాశారు కాబట్టి ఇది కూడా చెబుతాను. యజమానిగా నడిపేవారికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి. ఇప్పటికే మీకు అంత మొత్తానికి వేరే పాలసీ ఉంటే దాన్ని చూపవచ్చు, లేకపోతే ఆ కొద్ది వందలను తగ్గించమని అడగకండి. అలాగే ఐదేళ్ల తర్వాత ప్రీమియం తగ్గించుకోవడానికి థర్డ్ పార్టీ ఒక్కటే ఉంచుకుంటే, వెనుక కూర్చున్న మనిషికి ఆ పాలసీ కింద రక్షణ ఉండదని కోర్టు తీర్పులు ఉన్నాయి. ఓన్ డ్యామేజ్ కూడా కలిసిన ప్యాకేజ్ పాలసీలో ఆ బాధ్యత ఉంటుంది. భార్యను వెనుక కూర్చోబెట్టుకునే వారెవరూ ఓన్ డ్యామేజ్‌ను వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

#25 తార్నాక_155

వారం రోజులుగా మీ అందరి మాటలూ పట్టుకుని తిరిగాను, జరిగింది చెబుతాను. #9 గారు చెప్పినట్టు మూడు స్పేర్స్ కౌంటర్లలో చీటీలు రాయించుకున్నాను. 350 దాటిన రెండు బండ్లూ నడిపి చూశాను, #5 గారు చెప్పిన అనుభూతి నిజంగానే ఉంది. ఒప్పుకుంటున్నాను. కాని ఔటర్ రింగ్ రోడ్డు మీదకూ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదకూ ద్విచక్ర వాహనాలకు అనుమతి లేని ఈ ఊళ్లో, నా వారంలో నాలుగు రోజులు తార్నాక, బేగంపేట సిగ్నళ్ల మధ్యే గడుస్తాయి. ఆర్ఆర్ 310 ఖాయం చేసుకున్నాను.

శనివారం బండి ఇవ్వలేదు. ఎక్స్‌చేంజ్ వారితో మాట్లాడి ముందు ఫారాలు నింపి, అప్పగింత కాగితం తీసుకుని, దానితో నా బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టాను. రిజర్వింగ్ లెటర్ నాలుగో రోజున మెయిల్‌లో వచ్చింది. దాన్ని చూపించాక షోరూము వారే తమ పాత కాగితం చించి, ఎన్‌సీబీ 50 శాతం వేసి కొత్తది ఇచ్చారు. మిగిలిన డబ్బుతో జీరో డెప్, ఇంజన్ ప్రొటెక్షన్ రెండూ పెట్టించినా, మొదట చెప్పిన మొత్తం కంటే తక్కువే అయింది. డెలివరీ వచ్చే గురువారం.

#26 నానక్‌రామ్‌గూడ_మలుపు

చాలా సంతోషం. డెలివరీ రోజే ఫ్రేమ్ స్లైడర్లు (పడినప్పుడు బండి పక్క భాగాలను కాపాడే దిమ్మలు) బిగించుకోండి, మొదటి వెయ్యి కిలోమీటర్లు కంకర ఉన్న మలుపుల్లో తొందరపడకండి. రెండు తాళం చెవులనూ వేర్వేరు చోట్ల భద్రపరచండి, దొంగతనం క్లెయిమ్‌లో రెండూ అడుగుతారు.

#27 సైనిక్‌పురి_సవారి

మంచి బండి. ఆదివారం అనంతగిరికి వస్తే చెప్పండి, ఇద్దరం మార్చుకుని నడిపి చూద్దాం. #23 చదివాక అడుగుతున్నాను, ఒకరి బండి మరొకరు నడిపితే పాలసీ వర్తిస్తుంది కదా?

#28 పక్కా_లెక్క

గేరు బండికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండి, యజమాని అనుమతితో నడిపితే ఓన్ డ్యామేజ్, థర్డ్ పార్టీ రెండూ వర్తిస్తాయి. #24లో చెప్పిన 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మాత్రం బండి యజమానికే, మార్చుకున్నవారికి రాదు. లైసెన్సులు వెంట ఉంచుకోండి.